రూమ్ కోసం ఆన్‌లైనా, బ్రోకరా? ముందు అసలు అడ్డం ఎక్కడుందో మాట్లాడుకుందాం

పోస్ట్ పెద్దదే. ఈ సంవత్సరం కొత్తగా సిటీకి రాబోతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు చివరిదాకా చదవండి. ఇప్పటికే రూమ్ ఉన్న సీనియర్లు ఇంకా తప్పకుండా చదవండి, ఎందుకంటే చివర్లో పని చెప్పింది మీకే.

పీజీ సీట్లు వచ్చే రోజుల్లో, గ్రూప్స్, డీఎస్సీ, పోలీస్ నోటిఫికేషన్లు పడే రోజుల్లో మన మధ్య ఒకటే ప్రశ్న తిరుగుతుంది. "అన్నా, రూమ్ కావాలి. యాప్‌లో చూడాలా, బ్రోకర్‌ని పట్టుకోవాలా?" జవాబులు కూడా రెండు జట్లుగా వస్తాయి. "బ్రోకర్‌కి నెల అద్దె ఎందుకు దండగ, అంతా ఫోన్‌లోనే ఉంది కదా" అని ఒక జట్టు. "ఫోన్‌లో చూసి తిరిగి తిరిగి చెప్పులు అరిగిపోతాయి, బ్రోకర్ అయితే సాయంత్రానికి తాళం చేతిలో పెడతాడు" అని ఇంకో జట్టు. రెండు జట్ల మాటలోనూ నిజం ఉంది. కానీ ఇద్దరూ ఒక విషయం పక్కన పెట్టి మాట్లాడుతున్నారని మాకు అనిపిస్తోంది. మన పిల్లలకు రూమ్ దొరక్కపోవడానికి కారణం వెతికే పద్ధతి ఒక్కటే కాదు. గడప దగ్గర అడిగే ఒక ప్రశ్న కూడా కారణమే. ఆ ప్రశ్న యాప్‌లో వెతికినా వస్తుంది, బ్రోకర్‌తో పోయినా వస్తుంది. దాని సంగతి తేల్చకుండా ఏది మంచిదో తేల్చలేం.

ముందు డబ్బు సంగతి చూద్దాం, ఎందుకంటే అందరికీ మొదట తగిలేది అదే. అద్దె నెలకు 9,000 అనుకోండి. హైదరాబాద్‌లో మామూలుగా అడిగేది రెండు నెలల అడ్వాన్స్, అంటే 18,000. మొదటి నెల అద్దె 9,000. బ్రోకర్ ఉంటే మామూలుగా ఒక నెల అద్దె కమిషన్, ఇంకో 9,000. మొత్తం 36,000. ముగ్గురు కలిసి తీసుకున్నా తలా 12,000. బకెట్, చాప, గ్యాస్ స్టవ్ దీంట్లో లేవు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్‌లో కోత పడేది కూడా లేదు. ఈ 12,000 మన ఇళ్లలో ఎక్కడి నుంచి వస్తాయో మనకు తెలుసు. ఒకరింట్లో పత్తి అమ్మిన డబ్బు, ఒకరింట్లో కాఫీ, మిరియాలు అమ్మిన డబ్బు, ఒకరింట్లో తునికాకు కోసిన కూలి. స్కాలర్‌షిప్ ఏ నెలలో పడుతుందో చెప్పేవాళ్లు లేరు. కాబట్టి కమిషన్ మిగిలితే చాలు అని ఫోన్ తీయడంలో తప్పేమీ లేదు.

ఆన్‌లైన్ వల్ల నిజమైన లాభాలు ఉన్నాయి, ఒప్పుకోవాలి. ఉట్నూరులోనో, ఏటూరునాగారంలోనో, పాడేరులోనో కూర్చుని అశోక్‌నగర్‌లో సింగిల్ రూమ్ ఎంత, తార్నాకలో ఎంత, విశాఖలో మద్దిలపాలెం దగ్గర ఎంత అని ముందే తెలుసుకోవచ్చు. ఒకప్పుడు మన అన్నలకు ఈ వీలు లేదు. బస్సు దిగినాక ఎవరు ఎంత చెబితే అంత. ధర తెలియకుండా పోయినవాడు బేరం ఆడలేడు. పక్క వీధిలో అదే సైజు గది ఎంతకు పెట్టారో ఫోన్‌లో చూపించి "సార్, కొంచెం తగ్గించండి" అని అడగగలిగితే అదే పెద్ద బలం. కాబట్టి ధర తెలుసుకోవడానికి, ఏ ఏరియాలో ఏం దొరుకుతుందో చూడటానికి యాప్‌ను మించింది లేదు.

కానీ రూమ్ ఖాయం చేసుకునే దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. నోబ్రోకర్, మ్యాజిక్‌బ్రిక్స్, 99 ఎకర్స్, హౌసింగ్ లాంటి వాటిలో ఎక్కువగా ఉండేది కుటుంబాల కోసం ఫ్లాట్లు. మనం వెతికేది డాబా మీద ఒంటరి గది. దానికి హైదరాబాద్‌లో పెంట్‌హౌస్ అని గొప్ప పేరు పెట్టారు గానీ ఎండాకాలం రేకుల కింద పొయ్యిలో ఉన్నట్టే. అలాంటి గదుల ఓనర్లు చాలామంది ఏ యాప్‌లోనూ పెట్టరు. గేటుకు టూలెట్ అట్ట ముక్క కట్టి ఊరుకుంటారు. మాణికేశ్వర్ నగర్‌లో, అడిక్‌మెట్‌లో, చిక్కడపల్లి సందుల్లో, ఎంవీపీ కాలనీ వెనకాల సందుల్లో మనకు అందే అద్దెలకు దొరికే గదులు ఎక్కువ అలాంటివే. అంటే మనకు పనికొచ్చే సరుకులో సగం ఫోన్‌లో కనపడనే కనపడదు.

కనిపించిన వాటిలో కూడా చిక్కులున్నాయి. "ఓనర్" అని పెట్టిన నంబర్‌కు ఫోన్ చేస్తే ఎత్తేది బ్రోకరే అయిన సందర్భాలు చాలామందికి తెలుసు. ఫోటోలో ఉన్న గది "నిన్ననే పోయింది, ఇంకోటి చూపిస్తా రండి" అంటాడు. ఒకసారి నంబర్ ఇచ్చామంటే నెల రోజులు ఫోన్లు ఆగవు. ఓనర్ల నంబర్లు ఇంకా కావాలంటే ప్లాన్ కొనమంటారు. వీటన్నిటికన్నా ప్రమాదమైనది అసలు లేని ఇల్లు. అద్దె మరీ తక్కువ పెట్టి, "నేను ఆర్మీలో ఉన్నా, బయట రాష్ట్రంలో పోస్టింగ్, టోకెన్ అడ్వాన్స్ పంపితే తాళం పంపిస్తా" అనేవాడు ఓనర్ కాడు. అడ్వాన్స్ తిరిగి ఇస్తాం, క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అనేవాడూ దొంగే. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే పిన్. ఈ ఒక్క మాట ప్రతి చెల్లికీ తమ్ముడికీ చెప్పండి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోన్ చేయాలి. సిగ్గుపడి రెండు రోజులు ఆగితే ఆ డబ్బు ఇంక దొరకడం కష్టం.

ఇక బ్రోకర్. మనోళ్లు బ్రోకర్ అనగానే ఆఫీసు, బోర్డు ఉన్నవాడిని ఊహించుకుంటారు. మన స్థాయి రూములకు బ్రోకర్ అంటే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, సందు మొదట్లో కిరాణా కొట్టాయన, ఇస్త్రీ బండి ఆయన, జిరాక్స్ షాపు అన్న. వాళ్లకు ఆ వీధిలో ఏ గది ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలుసు. ఏ ఓనర్ నీళ్లు కట్టేస్తాడో, ఎవరు సబ్ మీటర్ పెట్టి యూనిట్‌కి ఎక్కువ గుంజుతారో, ఎవరు రాత్రి పదింటికి గేటు వేసేస్తారో కూడా తెలుసు. ఇది ఏ యాప్‌లోనూ దొరకని సమాచారం. ఆ సమాచారానికి డబ్బు ఇవ్వడం తప్పని మేము అనం. నాలుగు రోజులు కోచింగ్ పోగొట్టుకుని, ఆటోలకు తగలేసి తిరగడం కన్నా ఒక్కోసారి కమిషనే చవక.

కానీ ఆయనకు ఇంకో సంగతి కూడా తెలుసు. ఏ ఓనర్ ఎవరికి ఇవ్వడో తెలుసు.

ఇక్కడే ఆ ప్రశ్న వస్తుంది. తెలంగాణలో "మీరు ఏమోళ్లు?" అంటారు. ఆంధ్రలో "మీరేంట్లు?" అంటారు. కొంచెం చదువుకున్నవాళ్లయితే "మీ సర్‌నేమ్ ఏంటి?" అంటారు. మన ఇంటిపేర్లు వినగానే చాలామంది ఓనర్లకు అర్థం కాదు. సిడాం, మడావి, సోడె, మడకం, పాంగి, కిల్లో అంటే "అంటే ఎవరు? ఎక్కడోళ్లు?" అని రెండో ప్రశ్న, మూడో ప్రశ్న వేస్తారు. ఇంకొన్ని ఇంటిపేర్లు వినగానే ఇంకో ప్రశ్న లేకుండానే తెలిసిపోతాయి. ఆ తర్వాత వచ్చే మాట మాత్రం ఎప్పుడూ కులం గురించి ఉండదు. "మా అబ్బాయి వస్తున్నాడు, ఇవ్వడం లేదు." "ఫ్యామిలీకే ఇద్దామనుకుంటున్నాం." "మేం వెజిటేరియన్స్ అండీ." నిన్నటిదాకా వేలాడిన టూలెట్ బోర్డు ఆ మాట తర్వాత కూడా వారం రోజులు అక్కడే ఉంటుంది.

ఇది మన అనుమానం, మన మనసులోని చిన్నతనం అనేవాళ్ల కోసం ఒక మాట. ఢిల్లీ, దాని చుట్టుపక్కల పట్టణాల్లో అద్దె ఇళ్ల మీద సుఖదేవ్ థోరట్ బృందం చేసిన పరిశోధన 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. ఇల్లు వెతికేవాళ్లు కొందరు ఫోన్ చేసి, కొందరు నేరుగా పోయి అడిగారు. పై కులాల వాళ్లకు తెరుచుకున్న తలుపులు దళితులకు, ముస్లింలకు చాలాచోట్ల మూసుకుపోయాయి. కొన్నిచోట్ల ఇస్తామన్నా అదనపు షరతులు పెట్టారు. ఆ పరిశోధనలో ఆదివాసులు లేరు. కానీ ఆ తలుపు ఎట్లా మూసుకుంటుందో మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు బ్రోకర్, యాప్ ఈ ప్రశ్నను ఏం చేస్తున్నాయో చూడండి.

బ్రోకర్ ఈ ప్రశ్నను ముందే అడిగేస్తాడు. వీధిలోకి తీసుకుపోకముందే "తమ్ముడూ, ఏమోళ్లు?" అని అడిగి, మనకు ఇవ్వని ఇళ్లు పక్కన పెట్టేసి, ఇచ్చే ఇళ్లే చూపిస్తాడు. మనోళ్లలో కొందరికి ఇది నచ్చుతుంది. "గడప దాకా పోయి మాట పడే కన్నా ఇది నయం కదా" అంటారు. ఆ బాధ మాకు అర్థమవుతుంది. కానీ జరిగేది ఏంటంటే, ఓనర్ తన నోటితో "మీకు ఇవ్వను" అనాల్సిన అవసరమే లేకుండా పోతోంది. ఆ పని బ్రోకర్ చేసి పెడుతున్నాడు. దానికి కమిషన్ మనమే ఇస్తున్నాం. మనల్ని వడపోసినందుకు మన జేబులోంచే కూలి. ఇంకోటి, ఈ వడపోత వల్ల మనకు చూపించే గదులు తగ్గుతాయి. తగ్గిన కొద్దీ అద్దె ఎక్కువైనా, గాలి వెలుతురు లేకపోయినా సరే అనాల్సి వస్తుంది.

యాప్ ఈ ప్రశ్న అడగదు. ఏ కులమో రాయమనే గడి దాంట్లో ఉండదు. అది చూసి కొందరు ఆన్‌లైన్‌లో వివక్ష లేదంటారు. గడి లేదు నిజమే. కానీ బ్యాచిలరా ఫ్యామిలీనా అనే గడి ఉంది, వెజిటేరియన్లకే అనే గడి ఉంది. మిగతాది ఫోన్ కాల్‌లో అయిపోతుంది. ఓనర్ నంబర్ నేరుగా మన చేతికి వచ్చిందంటే, ఆ ప్రశ్న కూడా నేరుగా మన చెవికే వస్తుంది. మధ్యలో మనిషిని తీసేస్తే కమిషన్ పోతుంది, గోడ పోదు. గోడ కట్టింది మధ్యవాడు కాదు కాబట్టి.

ఓనర్లందరూ ఇలాంటివాళ్లే అని మేము అనడం లేదు. కులం ఊసెత్తకుండా ఇచ్చినవాళ్లు ఉన్నారు. స్కాలర్‌షిప్ ఆలస్యమైతే "పడ్డాకే ఇవ్వండి బాబూ" అన్నవాళ్లు ఉన్నారు. అలాంటి ఓనర్లు ఎక్కడున్నారో తెలుసుకోవడమే మన అసలు సమస్య. ఆ సమాచారం యాప్‌లో లేదు. బ్రోకర్ దగ్గర ఉంది కానీ అమ్మకానికి ఉంది. మన సీనియర్ల దగ్గర ఊరికే ఉంది. కానీ అది వాళ్ల ఫోన్లలోనే ఉండిపోతోంది.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి, చెప్పడానికి కష్టంగానే ఉంటుంది. రూమ్ కోసం వేరే కులం పేరు చెప్పేవాళ్లు మనలో ఉన్నారు. వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. రేపు పరీక్ష పెట్టుకుని, సామాన్లు బస్టాండులో పెట్టుకుని ఉన్నవాడికి నీతులు చెప్పడం తేలిక. కానీ ఆ అబద్ధానికి అద్దె నెలనెలా కట్టాలి. ఆధార్ జిరాక్స్ ఇవ్వాలంటే భయం. కులం సర్టిఫికెట్ టేబుల్ మీద పెట్టాలంటే భయం. ఎండు చేపలు వండాలంటే కిటికీ మూసుకోవాలి. ఊరి నుంచి అమ్మ వస్తే "అమ్మా, మెట్ల మీద మన భాష మాట్లాడకు" అని చెప్పుకోవాలి. అమ్మను గోండిలోనో, కోయలోనో, కువిలోనో పిలవలేని గదిలో పుస్తకం తెరిచినా చదువు ఎక్కదు. అందుకే ఎలాగోలా ఒక తాళం దొరికితే చాలు అనేది మన సమాధానం కాకూడదు. మనంగా ఉండగలిగే గది కావాలి.

చట్టం ఏమైనా ఆదుకుంటుందా అని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్తాం. 2016 నాటి రెరా చట్టం ఏజెంట్లకు రిజిస్ట్రేషన్ పెట్టింది గానీ, అది ప్రాజెక్టుల్లో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మే కొనే ఏజెంట్లకు. ఉద్యోగం వచ్చి ప్లాటు చూసుకుంటున్న అన్నలు, అక్కలు రెరా నంబర్ అడగకుండా రూపాయి ఇవ్వకండి. కానీ రూమ్ అద్దెకు ఇప్పించే బ్రోకర్ దాని కిందికి రాడు. 2021 జూన్‌లో కేంద్ర క్యాబినెట్ మోడల్ టెనెన్సీ యాక్ట్‌ను ఆమోదించింది. ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలల అద్దెకు మించకూడదని అందులో ఉంది. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది. అద్దెకు ఇచ్చేటప్పుడు కులం అడగకూడదనే మాట మాత్రం దాంట్లో లేదు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989 ఉంది. నలుగురికీ కనపడే చోట కులం పేరుతో తిట్టినా, కావాలని అవమానించినా నేరం. ఎవరూ లేని చోట, నాలుగు గోడల మధ్య అన్న మాటకు ఈ సెక్షన్ వర్తించదని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. "మా అబ్బాయి వస్తున్నాడు" అని నవ్వుతూ తలుపు వేసినవాడి మీద కేసు నిలబడటం కష్టం. కానీ తిట్టినప్పుడు, సామాన్లు బయట పడేసినప్పుడు ఊరుకోవద్దు. సాక్షులు ఎవరో చూసుకోండి, 14566 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, ఒక్కరే స్టేషన్‌కు పోకుండా నలుగురితో కలిసి పోండి.

మరి ఏం చేయాలి? మేము చెప్పేది ఇదీ. ఆన్‌లైన్‌ను కళ్లలాగా వాడండి, బ్రోకర్‌ను చివరి దారిగా పెట్టుకోండి, మొదటి దారి మాత్రం మన మనుషులే కావాలి.

కొత్తగా వచ్చేవాళ్లు పాటించాల్సినవి ముందు చెప్తాం. వచ్చే ముందు వారం రోజులు యాప్‌లో ధరలు చూసి ఒక కాగితం మీద రాసుకోండి. గది కళ్లతో చూడకుండా, ఓనర్‌ను కలవకుండా టోకెన్ అని, బుకింగ్ అని రూపాయి పంపకండి. ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరు ముగ్గురు కలిసి ఆ వీధుల్లో నడవండి, టూలెట్ బోర్డులు ఫోటో తీసుకోండి. ఆడపిల్లలు ఎవరూ బ్రోకర్‌తో ఒంటరిగా గది చూడటానికి పోవద్దు, ఎంత మంచివాడు అన్నా సరే. లొకేషన్ ఎవరికైనా పంపి, తోడు ఒక అక్కనో స్నేహితురాలినో తీసుకుని పోండి. బ్రోకర్‌తో అయితే కమిషన్ ఎంతో ముందే మాట్లాడుకోండి. గది చూపించినందుకు అని ముందే డబ్బు ఇవ్వకండి, అగ్రిమెంట్ అయ్యాకే ఇవ్వండి. అడ్వాన్స్ ఇచ్చినప్పుడు చేతికి కాకుండా అకౌంట్‌కు పంపండి, రుజువు ఉంటుంది. అగ్రిమెంట్ 11 నెలలకు రాస్తారు. అది మామూలే, భయపడక్కర్లేదు. కానీ పెయింటింగ్ కోత ఎంత, కరెంట్ యూనిట్‌కు ఎంత, ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అనేవి అందులో రాయించండి. ఆధార్ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుని ఇవ్వొచ్చు. జిరాక్స్ ఇస్తే దాని మీద అడ్డంగా "అద్దె రూమ్ కోసం మాత్రమే" అని రాసి, తేదీ వేసి ఇవ్వండి.

ఇప్పుడు సీనియర్లకు. మనం ప్రతి ఏడాది ఎన్నో గదులు ఖాళీ చేస్తున్నాం. ఉద్యోగం వచ్చి కొందరు, కోర్సు అయిపోయి కొందరు, విసుగొచ్చి ఊరికి పోయి కొందరు. ఆ గది ఓనర్ మనకు ఒకసారి ఇచ్చాడు. మనం ఎవరమో ఆయనకు తెలుసు, అద్దె సరిగా కట్టామని తెలుసు. అంటే ఆ ప్రశ్న దాటిన గది అది. అలాంటి గది తాళం ఓనర్ చేతికి ఇచ్చేసి బస్సెక్కితే, రేపు అదే గది కోసం మన తమ్ముడు బ్రోకర్‌కు నెల అద్దె కట్టాలి, ఆ ప్రశ్నకు మళ్లీ జవాబు చెప్పుకోవాలి. ఖాళీ చేసే నెల ముందే ఇక్కడ పెట్టండి. ఓనర్‌తో "సార్, మా ఊరి పిల్లలు ఉన్నారు, వాళ్లకు ఇవ్వండి" అని ఒక్క మాట చెప్పి పోండి. ఒక నెల అద్దె ఒకరికి మిగిలినట్టే.

పెట్టేటప్పుడు ఓనర్ పేరు, ఫోన్ నంబర్ అందరిలో పెట్టకండి, అది మంచిది కాదు. ఏరియా, అద్దె, అడ్వాన్స్, నీళ్లు, కరెంట్, అబ్బాయిలకా అమ్మాయిలకా, మాంసాహారానికి అభ్యంతరం ఉందా, కులం అడిగారా లేదా, ఈ వివరాలు చాలు. అడిగినవాళ్లకు నంబర్ విడిగా ఇవ్వండి. ఏరియాకు ఒక అన్న, ఒక అక్క ఈ జాబితా చూసుకుంటే చాలు. ఈ పనికి ఎవరూ పైసా తీసుకోకూడదు. తీసుకుంటే మనలోనే ఇంకో బ్రోకర్ తయారైనట్టు.

ఈ దారిలో కూడా లోపాలు ఉన్నాయి, వాటిని ముందే మాట్లాడుకోవాలి. ఒకటి, ఇలా చేస్తే అందరం మళ్లీ అవే నాలుగు సందుల్లో చేరతాం. అక్కడి ఓనర్లకు అది తెలిసి అద్దె పెంచుతారు. అందుకే కొత్త ఏరియాల్లో గది సంపాదించినవాళ్లు తప్పకుండా చెప్పాలి. రెండు, మన జాబితాల్లో అబ్బాయిల గదులే ఎక్కువ ఉంటాయి. అమ్మాయిల గదుల వివరాలు అక్కలే ముందుకొచ్చి చూసుకోవాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. సిటీలో సీనియర్లు ఉన్న తెగల పిల్లలకే ఈ సాయం అందుతుంది. చెంచు, కొలాం, తోటి, కొండరెడ్డి పిల్లల్లో చాలామందికి హైదరాబాద్‌లో ఫోన్ చేయడానికి ఒక్క అన్న కూడా ఉండడు. వాళ్లే యాప్‌లో మోసపోయేది, వాళ్లే బ్రోకర్ చెప్పిన రేటుకు తల ఊపేది. మా తెగ, మీ తెగ, మా జిల్లా, మీ జిల్లా అని చూడకుండా, అడిగినవాళ్లలో ఎవరూ లేనివాళ్లకు ముందు ఇవ్వాలి. బయట ఓనర్ చేసిన వడపోతే మనం లోపల చేస్తే, ఆయన్ను అడిగే నోరు మనకు ఉండదు.

చివరగా ప్రభుత్వాన్ని అడగాల్సింది. మనం ఇంత తిప్పలు పడి గదులు వెతుక్కోవడానికి మూలం, చదువుకునే చోట మనకు చాలినన్ని హాస్టల్ సీట్లు లేకపోవడం. కోచింగ్‌కు వచ్చిన వాళ్లకు, కోర్సు అయిపోయి ఉద్యోగానికి తయారవుతున్న వాళ్లకు హాస్టల్ దొరకడం ఇంకా కష్టం. 2022 సెప్టెంబర్ 17న బంజారాహిల్స్‌లో కుమ్రం భీం ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ ప్రారంభించారు. పేరులోనే బంజారా ఉన్న ఆ కొండ మీద మన పేరుతో భవనాలు ఉండటం సంతోషమే. అక్కడ ఒక టేబుల్, ఒక ఫోన్, ఒక మనిషి చాలు. కొత్తగా వచ్చిన పిల్లలకు గది దొరికేదాకా వారం రోజులు తలదాచుకునే చోటు, నమ్మకమైన గదుల వివరాలు చెప్పే డెస్క్ పెట్టమని గిరిజన సంక్షేమ శాఖను అడుగుదాం. విశాఖలో చదివే పాడేరు, అరకు, చింతపల్లి పిల్లల కోసం అక్కడా ఇదే అడగాలి. చేతిలో వారం రోజులు పడుకోవడానికి చోటుంటే, మొదటి రోజే దొరికిన చెడ్డ గదికి తల ఊపాల్సిన పని ఉండదు. అబద్ధం చెప్పాల్సిన పని కూడా ఉండదు.

వినతిపత్రం రాయడానికి ముందుకొచ్చేవాళ్లు పేర్లు ఇవ్వండి, కలిసి కూర్చుని రాద్దాం. దానికి టైం పడుతుంది, తెలుసు. అప్పటిదాకా ఆగకుండా ఈ రోజే చేయగలిగేది ఒకటుంది. వచ్చే రెండు నెలల్లో గది ఖాళీ చేయబోతున్నవాళ్లు కింద ఏరియా, అద్దె రాయండి. గది కావాల్సినవాళ్లు ఏ ఏరియాలో, ఎంతలో కావాలో రాయండి. ఫోన్ నంబర్లు మాత్రం ఇక్కడ పెట్టకండి.

జోహార్.